తొమ్మిది మీటర్ల పెనాల్టీ

ఎడమచేతిలో పాత విజిలు, కుడిచెయ్యి ఆటల రూల్సు పుస్తకం మీద, మొహం గంగమ్మ గుడి వైపు. ఇట్లా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇక్కడ రాసిన ప్రతి మాటా నిజం. కామాలు కూడా నిజమే. ఇందులో అబద్ధం దొరికితే నాకు మిగిలిన ఒక్క మోకాలు కూడా పోవాలి. మొదటిది ఎప్పుడో పోయింది. దానికీ నా మాటలకీ సంబంధం లేదని ఎముకల డాక్టరు చీటీ రాసిచ్చాడు, కావాలంటే చూపిస్తాను.

ఆ మోకాలు పుణ్యమా అని యాభై రెండేళ్లకే ఉద్యోగం వదిలేసి మదనపల్లెలో ఇంటిపట్టున కూర్చున్నాను. అంతకుముందు ఇరవై రెండేళ్లు ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా, అంటే పిల్లలు పిలిచే పీడీ సారుగా పనిచేశాను. కొత్తగా ఈ పనిలో చేరినవాళ్లు అప్పుడప్పుడు సలహా కోసం వస్తుంటారు. ప్రమోషను ఎట్లా వస్తుంది, ఫైలు ఎట్లా కదులుతుంది అని అడిగితే నాకు తెలియదని చెప్పి మజ్జిగ తాగించి పంపిస్తాను. మొన్న వచ్చిన ఒకాయన మాత్రం పనికొచ్చే ప్రశ్న అడిగాడు.

"సార్, పోయినేడు మావోళ్లు ఫైనల్లో ఓడిపోయినారు. పిల్లోళ్లు ఇంకా తేరుకోలేదు. అదే టీముతో ఇంకో మ్యాచి పెట్టి గెలిపిస్తే ఆ బాధ పోతాదా?"

నేను మజ్జిగలో ఉప్పు తక్కువైందని లేచి లోపలికి వెళ్లిపోయాను. ఆయన కాసేపు చూసి వెళ్లిపోయాడు. ఆయనకు అప్పుడు చెప్పని జవాబే ఇది.

పీడీ సారు చేసే పని

కాలేజీలో పీడీ అంటే ఆటలు నేర్పేవాడని బయటివాళ్లు అనుకుంటారు. ఆటలు వారంలో ఒక పూట. మిగతా పూటలన్నీ వేరే పనులు. జెండా పండుగకు తాడు సరిచూడాలి. మైకు కూస్తే చెవి మెలిపెట్టాలి. లెక్కల లెక్చరరు రాకపోతే ఆ క్లాసును గ్రౌండుకు తోలుకుపోవాలి. కెమిస్ట్రీ ల్యాబులోకి పాము వస్తే, కెమిస్ట్రీ చదివినవాళ్లందరూ బల్లలెక్కి నిలబడి, ఏమీ చదవని పీడీ సారును పిలిపిస్తారు.

మా గ్రౌండుకు ఒక పక్క రోడ్డు. తంబళ్లపల్లె బస్సు అటే పోయేది. ఒకసారి మావాడు తన్నిన బంతి గోడ దాటి, బస్సు పైన కట్టిన పశుగ్రాసం మోపులో దిగబడింది. బస్సు ఆగలేదు. మేము మిగతా ఆటను బంతి లేకుండానే ఆడాం. అందరూ నిజాయితీపరులు కాబట్టి పెద్దగా గొడవ రాలేదు. సాయంత్రం అదే బస్సు తిరిగి వస్తూ గ్రౌండు పక్కన ఆగింది. కండక్టరు బంతిని నా చేతికిచ్చి, పిల్లలు పద్ధతిగా ఉండాలని నాకు బుద్ధి చెప్పి వెళ్లాడు. ఆ బంతికి రానూ పోనూ టికెట్టు కొట్టి ఉంది. హాఫ్ టికెట్టే.

ఈ పనిలో చేరేవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది ఏమిటంటే, గెలిచిన రోజు ఫొటోలో పీడీ సారు చివరన సగం భుజం మాత్రమే కనిపిస్తాడు. ఓడిన రోజు నడుమ నిలబెడతారు. నేను ఒకసారి నడుమ నిలబడాల్సిన రోజున పక్కకు తప్పుకున్నాను. నేను చెప్పబోయేది ఆ సంగతే.

తాడు

గ్రౌండుకు సున్నం గీతలు వేసే పని మా ఉద్యోగంలో అన్నిటికన్నా చిన్నదిగా కనిపిస్తుంది. నిజానికి అదే పెద్దది. నేను చేరిన కొత్తలో కొలతలకు స్టీలు టేపు కావాలని ప్రిన్సిపాలు గారిని అడిగాను. ఆయన తెలుగు సాహిత్యం చదివిన మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. "తాడు ఉండాది కదప్పా. మీ ముందున్న సారు దాంతోనే పదేండ్లు నెట్టుకొచ్చినాడు" అన్నాడు. అడిగి కాదనిపించుకున్నాను కదా, నా పని అయిపోయిందని నేనూ ఊరకున్నాను.

ఆ తాడు నైలాను తాడు. దానికి ముడులు వేసి, ముడి ముడికీ ఒక గుడ్డపీలిక కట్టి ఉండేది. వాలీబాల్ కోర్టులో సగానికి తొమ్మిది మీటర్లు, దానికి ఎర్ర పీలిక. ఫుట్‌బాల్‌లో గోలు గీత నుంచి పెనాల్టీ చుక్కకు పదకొండు మీటర్లు, దానికి తెల్ల పీలిక. ఆలోచన బాగానే ఉంది. అయితే నా చేతికొచ్చాక మదనపల్లె మట్టిలో ఇంకో మూడేళ్లు దొర్లేసరికి ఎర్రదీ తెల్లదీ ఒకే రంగుకు వచ్చేశాయి. నాకు మాత్రం తేడా తెలుసు. తీరిగ్గా చూస్తే ఎర్ర పీలిక కొంచెం పొడుగు. తీరిగ్గా చూస్తే.

రెడ్డెప్ప

తొంభైల నడుమ మా టీముకు గోల్‌కీపరు రెడ్డెప్ప. పెద్దమండ్యం పక్కన ఒక మెట్ట పల్లె వాడిది. గొర్రెలు మేపే ఇల్లు. దొడ్డి గోడ దూకే గొర్రెపిల్లలను గాలిలోనే పట్టుకునే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది కాబట్టి, బంతి పట్టడం వాడికి కొత్తగా నేర్పాల్సిన పని పడలేదు. బంతికి కాళ్లు లేవు కాబట్టి గొర్రెపిల్ల కన్నా సులభం అనేవాడు. ఒక ప్రాక్టీసులో కుడిచేత్తో బంతినీ ఎడమచేత్తో దారిన పోయే పిచ్చుకనూ ఒకేసారి పట్టాడు. ముందు పిచ్చుకను వదిలి, తర్వాత బంతిని తన్నాడు.

పెనాల్టీకి మాత్రం వాడికి ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉండేది. మిగతా కీపర్లు తన్నేవాడి కన్నా ముందే ఏదో ఒక పక్కకు దూకేస్తారు. అది జూదం. రెడ్డెప్ప దూకేవాడు కాదు. తన్నేవాడి ఊతకాలు ఎటు తిరిగిందో చూసి, బంతి కదిలేదాకా ఆగి, అప్పుడు పోయేవాడు. పదకొండు మీటర్ల దూరంలో ఆ ఆగడానికి సరిగ్గా సరిపడేంత సమయం ఉంటుంది. అంతకు మించి రవ్వంత కూడా ఉండదు. ఆ ఏడు అట్లా నాలుగు పెనాల్టీలు ఆపాడు. యూనివర్సిటీ టీము సెలక్షన్లకు వాడి పేరు పంపించాను. పేపరులో తన ఫొటో వస్తే దొడ్డి గోడకు అతికిస్తానని, గొర్రెలు కూడా చూడాలి కదా అని వాడు అందరితో చెప్పుకున్నాడు.

గొర్రెలు దాటే వేళ

ఆ ఏడు కాలేజీల పోటీ ఫైనల్లో మా ఎదుటి టీము కుప్పం కాలేజీ. ఇద్దరికీ సమానంగా ఉంటుందని మ్యాచిని నడుమన ఉన్న పుంగనూరులో పెట్టారు. అక్కడి పీడీ సారుకు అప్పుడే బదిలీ అయింది, ఆ స్థానంలోకి ఇంకా ఎవరూ రాలేదు. గీతలు వేసే పని నా మీద పడింది. పొద్దున్నే వెళ్లి, తీరిగ్గా, ముడులన్నీ సరిచూసుకుని గీతలు వేశాను.

పుంగనూరు గ్రౌండుకు ఒక ఆచారం ఉంది. గంగులప్ప అనే ఆయన గొర్రెల మంద రోజూ సాయంత్రం నాలుగింటికి గ్రౌండు మీదుగానే దొడ్డికి పోతుంది. కాలేజీ కట్టకముందు నుంచీ అది మంద దారి. అందుకని అక్కడ ఏ మ్యాచి పెట్టినా నాలుగింటికి హాఫ్‌టైం వచ్చేటట్టు మొదలుపెడతారు. మంద దాటుతుంది, ఆటగాళ్లు నిమ్మకాయ నీళ్లు తాగుతారు, మళ్లీ ఆట. ఈ సంగతి నాకు తెలుసు. నాకు తెలియనిది ఇంకొకటి ఉంది. పాత పీడీ సారు ఆ వేళకు ముందే గ్రౌండు అంచున వేరుశనగ కట్టె, అంటే కాయలు ఒలుచుకున్నాక మిగిలే ఎండు మేత, పలచగా పరిచి పెట్టేవాడట. మంద దాన్ని మేస్తూ అంచు వెంబడే పోయేది, గీతలు చెడేవి కావు. ఆ మాట నాకు చెప్పాల్సిన మనిషి బదిలీ మీద పోయాడు.

నేను కట్టె వేయలేదు. మూడు వందల గొర్రెలు మా రెండో హాఫు గోలు ముందు నుంచి నేరుగా నడిచి వెళ్లాయి. ఆ పన్నెండు వందల కాళ్ల కింద గోలు ముందు పెట్టె గీతలు, పెనాల్టీ చుక్క అన్నీ చెరిగిపోయాయి. రిఫరీ గడియారం చూస్తున్నాడు. నేను సున్నం బకెట్టు, తాడు తీసుకుని పరిగెత్తాను. గోలు గీత మీద ఒక కాలితో తాడు కొస తొక్కిపట్టి, రెండో కొస ఇంకొకరితో లాగించి, చేతికందిన ముడి దగ్గర చుక్క పెట్టించాను. ఐదు నిమిషాల్లో ముగించానని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఇంకో పది నిమిషాల్లో మ్యాచి అయిపోతుందనగా, గోలు ఏమీ లేకుండా సమంగా ఉన్నప్పుడు, మా డిఫెండరు చేతికి బంతి తగిలింది. రిఫరీ విజిలేశాడు. తన్నడానికి సెల్వం వచ్చాడు. కుప్పం కెప్టెను, ఎడమకాలి వాటం, తమిళం తెలుగు కలిపి మాట్లాడే నవ్వుమొహం పిల్లవాడు. రెడ్డెప్ప తన పద్ధతిలో ఊతకాలు చూస్తూ ఆగాడు. సెల్వం తన్నాడు. రెడ్డెప్ప కదిలేలోపే బంతి వల లోపల ఉంది. వాడు ఒక్క అంగుళం కదలలేదు. చేతులు ముందుకు చాపి అట్లాగే నిలబడి ఉన్నాడు.

ఒకటీ సున్నా. అంతే.

మా ఊరి నుంచి వచ్చిన జనంలో ఎవరో అన్నారు, "కరెంటు కంబం మాదిరి నిలబడినాడు సూడు." ఆ మాట బస్సెక్కి మాతోపాటే మదనపల్లెకు వచ్చేసింది.

మరుసటి పొద్దున

వల విప్పే పని మిగిలింది కాబట్టి నేను ఆ రాత్రికి పుంగనూరులోనే ఉండిపోయాను. తెల్లవారి గ్రౌండుకు వెళ్లి, గోలు గీత నుంచి పెనాల్టీ చుక్క వైపు ఊరికే అడుగులు వేసుకుంటూ నడిచాను. నా అడుగు కచ్చితంగా మీటరు. పదకొండు రావాలి. తొమ్మిదికే చుక్క వచ్చేసింది. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ నడిచాను. మళ్లీ తొమ్మిదే. తాడు తీసి పరిచాను. పొడుగు పీలిక ఉన్న ముడికి నిన్నటి తడి సున్నం అంటుకుని ఎండిపోయి ఉంది. అది వాలీబాల్ ముడి.

రెండు మీటర్లు. రెడ్డెప్ప ఆగి చూడడానికి వాడుకునే ఆ కాస్త సమయాన్ని నేను సున్నంతో చెరిపేశాను. ముందే దూకే కీపరైతే ఒక పక్క దూకి, అదృష్టం ఉంటే పట్టి ఉండేవాడు. ఒక మంచి పద్ధతి ఉన్నవాడికే ఆ రెండు మీటర్లు తగిలాయి.

నేను చుక్క పక్కన గొంతుకూర్చుని ఉండగానే గంగులప్ప మందను మేతకు తోలుకుని వచ్చాడు.

"ఏం సార్, ఏమన్నా పోగొట్టుకున్యారా?"

"ఏమీ లేదప్పా."

"నిన్న కట్టె యాల పరచలేదు సార్? పాత సారు తప్పకుండా పరిచేవాడు. గొర్రెలు దాని ఎమ్మిటే పోయేటివి."

నేను బదులు చెప్పేలోపే మంద మళ్లీ గోలు ముందు నుంచి వెళ్లింది. చుక్క పోయింది. ఆ చుక్కను కొలిచి చూసిన మనిషిని నేను ఒక్కణ్ణే.

వెంటనే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఫలితం పైకి వెళ్లిపోయింది, కుప్పం పిల్లలు ఊరేగింపు కూడా చేసుకున్నారు, ఇప్పుడు చెబితే ఎవరికి లాభం అని నాకు నేను చెప్పుకున్నాను. అవన్నీ పైమాటలు. అప్పటికి నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. గీతలు సరిగ్గా వేయలేని పీడీని ఉంచుకుంటారా అని భయం. మొత్తం కారణం అదే. ప్రిన్సిపాలు టేపు ఇవ్వలేదు కదా అని కొన్నేళ్లు ఆయన మీద కోపం పెట్టుకుని బతికాను. ఆ చుక్క పెట్టించింది ఆయన కాదు.

కంబం

రెడ్డెప్ప యూనివర్సిటీ సెలక్షన్లకు పోలేదు. ఎందుకు పోలేదని అడిగితే, "పోయి యాడ నిలబడేది సార్" అన్నాడు. డిగ్రీ ముగించి మదనపల్లె టమోటా మార్కెట్టులో చేరాడు. కొన్నేళ్లకు సొంత మండీ పెట్టాడు. కష్టపడే మనిషి, నిలదొక్కుకున్నాడు. కానీ రైతులకు దారి చెప్పేటప్పుడు కూడా మార్కెట్టులో "కంబం రెడ్డెప్ప మండీ" అనే చెప్పేవాళ్లు. సగంమందికి ఆ పేరు ఎందుకు వచ్చిందో కూడా తెలియదు. వాడి పెళ్లిలో తాళి కట్టే వేళకు పాత టీములో ఒకడు గట్టిగా, "ఇప్పుడన్నా చేతులు కదిలించప్పా" అన్నాడు. పందిరంతా నవ్వింది. వాడూ నవ్వాడు. నేను అక్షింతలు పట్టుకుని చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాను.

ఊళ్లో మా గ్రౌండు రోడ్డు వాడి ఇంటికి దగ్గరి దారి. వాడు చుట్టు తిరిగి పోయేవాడు.

నేను నా చేతనైన సాయం చేశాను. అంటే కోతలు కోశాను. సెల్వం తన్నిన బంతి వల చించుకుని పలమనేరు చెరువులో పడిందని, అంత వేగాన్ని ఏ కీపరూ పట్టలేడని టీ అంగళ్లలో చెప్పాను. జనం బాగా నవ్వారు. నవ్వి, వాణ్ణి కంబం అనే పిలిచారు. ఒక అబద్ధాన్ని తుడవడానికి ఇంకో అబద్ధం పనికిరాదని పీడీలకు ఎవరూ ట్రైనింగులో చెప్పరు. నేను చెబుతున్నాను, రాసుకోండి.

కుప్పంలో

పన్నెండేళ్లు గడిచాయి. సెల్వం కుప్పంలో గ్రానైటు పాలిషు పని పెట్టి, పొట్ట కూడా పెట్టాడు. ఒక పెళ్లికి మదనపల్లె వచ్చి నన్ను చూడడానికి ఇంటికి వచ్చాడు. "సార్, ఆ పాత టీములే మళ్లీ ఒకసారి ఆడుదాం సార్. మా ఊరికి రండి. మధ్యానం భోజనం మాది" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. అప్పటికి రెండు మోకాళ్లూ ఉన్నాయి.

మిగతా పదిమందీ ఒక్క మాటకే ఒప్పుకున్నారు. రెడ్డెప్ప రెండుసార్లు కాదన్నాడు. మూడోసారి మండీకి పోయాను. టమోటా క్రేట్ల నడుమ నిలబడి మచ్చ కాయలు ఏరి పక్కన పెట్టాడు. తర్వాత అడిగాడు.

"ఒకటి చెప్పండి సార్. గెలిస్తే ఆ పేరు పోతాదా?"

"పోతాది" అన్నాను. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేను ఇచ్చిన హామీలన్నిటిలోకీ ఏ ఆధారమూ లేని హామీ అది.

చిన్న బస్సు మాట్లాడుకుని పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయాం. హాఫుకు ఇరవై నిమిషాల చొప్పున పెట్టుకున్నారు. అదే ఎక్కువైంది. మా లెఫ్ట్ వింగరు, ఒకప్పుడు జింక, సగం గ్రౌండు పరిగెత్తి, మిగతా సగానికి ఆటో దొరుకుతుందా అన్నట్టు రోడ్డు వైపు చూశాడు. వాళ్ల డిఫెండరుకు వంగితే లేవడం కష్టం, అందుకని లేచే ఉండి మాటలతో అడ్డుకున్నాడు. రైలు పట్టాల మీద గూడ్సు పోతుంటే రెండు టీములూ ఆగి పెట్టెలు లెక్కపెట్టాయి. మొత్తం మీద ఒకటీ ఒకటీ సమంగా ముగిసింది. ఇక పెనాల్టీలతో తేల్చాలి, ఒక్కొక్కరికి ఐదు.

నేను ముందే టేపు పెట్టి చూశాను. పదకొండు మీటర్లు, వెంట్రుకవాసి తేడా లేదు. చివరి తన్నుకు వచ్చేసరికి మావి నాలుగు, వాళ్లవి మూడు. వాళ్ల చివరి తన్ను సెల్వంది. వేస్తే సమం, ఆగితే మేము గెలిచినట్టు. వాడు బంతి పెట్టి, నడుము మీద చేతులు పెట్టుకుని గోలు వైపు చూసి, పక్కనే ఉన్న నాతో అన్నాడు.

"ఆ పొద్దు గోలు ఇంత పెద్దగా అగుపించె సార్. ఈ పొద్దు యాలనో దూరంగా ఉండాది."

"వయసప్పా" అన్నాను. టేపును జేబులోకి తోసుకున్నాను.

రెడ్డెప్ప ఆగాడు. అదే పద్ధతి. ఊతకాలు చూశాడు, బంతి కదిలేదాకా చూశాడు, కుడి పక్కకు చాచి వాలాడు. బంతి వాడి అరచేతికి తగిలి బయటికి పోయింది. మావాళ్లు మీద పడి వాణ్ణి ఎత్తుకున్నారు. ఆయాసంతో రెండడుగులకే దించేశారు. సెల్వం వచ్చి వాటేసుకున్నాడు. అందరికన్నా గట్టిగా వినబడిన అరుపు మాత్రం మా టీము నుంచే వచ్చింది. "కంబం కదిలెరా!"

పేరు పోలేదు. దానికి ఒక మాట చేరింది, అంతే.

తిరుగు బస్సు

సాయంత్రం బస్సులో రెడ్డెప్ప నా పక్కనే కూర్చున్నాడు. అందరూ పాటలు పాడుతున్నారు. వాడు అరచేయి చూసుకుంటున్నాడు. సంతోషంగా ఉన్నాడనుకున్నాను. పలమనేరు దాటాక నెమ్మదిగా అన్నాడు.

"అదే మనిషి. అదే కాలు. అదే మూల సార్. పట్టినా."

"పట్టినావు కదా. ఇంకేం."

"అది కాదు సార్. ఇన్నాళ్లూ ఆ బంతి నావల్ల అయ్యేది కాదులే అనుకోని ఊరకుంటి. ఈ పొద్దు పొట్టేసుకోని, ముప్పైమూడేళ్లకు పట్టినా. అంటే ఆ పొద్దు పట్టగలిగినోణ్ణే కదా. ఊరికే నిలబడిపోతిని. వాళ్లనేది నిజమే సార్."

గెలుపు వాడికి చేసిన మేలు ఇది. పన్నెండేళ్లుగా వాడి దగ్గర మిగిలిన ఒక్క ఓదార్పును కూడా ఊడబెరికింది.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. డ్రైవరు సీటు వెనుక కమ్మీ పట్టుకుని, పాటలు ఆపమని విజిలేశాను. తాడు సంగతి, ముడి సంగతి, గొర్రెలు, తొమ్మిది అడుగులు, ఆ పొద్దున గంగులప్పకు నేను చెప్పిన "ఏమీ లేదప్పా", అంతా చెప్పాను. డ్రైవరు పుంగనూరులో తనంతట తానే గ్రౌండు పక్కన బస్సు ఆపాడు. ఇంకా ఎండ ఉంది. అందరూ దిగాం. నేను పదకొండు అడుగులు వేసి మడమతో చుక్క పెట్టాను. రెడ్డెప్ప ప్యాంటు మడిచి గోల్లో నిలబడ్డాడు. మావాళ్లు ఒక్కొక్కరుగా వచ్చి తన్నారు. పదిమందివి పది పట్టాడు. పదకొండోది నేను తన్నాను, అదీ పట్టాడు. పెళ్లిలో ఎగతాళి చేసినవాడు పోయి వాడి చేతులు పట్టుకుని, "మన్నించప్పా రెడ్డెప్పా" అన్నాడు. రెడ్డెప్ప నా వైపు వచ్చి, "టేపు కొనుక్కోకూడదా సార్" అని నవ్వాడు. ఆ రోజు నుంచి ఆ పేరు ఎవరి నోటా వినబడలేదు.

ఇక ఒప్పుకోవలసింది

మొదట్లో ప్రమాణం చేశాను కాబట్టి ఇక్కడ ఆగి ఒక సంగతి ఒప్పుకోవాలి. బస్సెక్కిన బంతి నిజం. పిచ్చుక నిజం, కాకపోతే అది కొంచెం ముసలి పిచ్చుక. గొర్రెలు, తాడు, తొమ్మిది అడుగులు, కుప్పంలో ఆపిన బంతి, అన్నీ నిజం. రెడ్డెప్ప బస్సులో నాతో అన్న మాటలు అక్షరం మార్చకుండా రాశాను.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను అన్నాను చూశారా, అక్కడి నుంచి అంతా నేను కల్పించిందే.

నేను లేవలేదు. "అలసిపోయినావు, కాసేపు పండుకో రెడ్డెప్పా" అన్నాను. వాడు కళ్లు మూసుకున్నాడు. పుంగనూరులో బస్సు ఆగలేదు. గ్రౌండు వాడి వైపు కిటికీలో వచ్చి పోయింది. నేను ఎదుటి పక్క కిటికీలోకి చూశాను. మార్కెట్టులో వాడిది ఈ రోజుకీ కంబం రెడ్డెప్ప మండీనే.

మొన్న ప్రశ్న అడిగిన కొత్త పీడీ గారికి నా జవాబు. రెండో మ్యాచి రెండో మ్యాచినే తేలుస్తుంది. మొదటిదాని తప్పు ఎక్కడ జరిగిందో అది ముట్టుకోదు. మీ పిల్లలు నిజంగా సరిగ్గా ఆడక ఓడిపోయి ఉంటే, పెట్టండి మ్యాచి, ఆడనివ్వండి, మంచి భోజనం కూడా పెట్టండి. తప్పు వాళ్లది కాకపోతే మాత్రం మ్యాచి వద్దు. అందరినీ గ్రౌండులో కూర్చోబెట్టి ఎవరిదో చెప్పండి. మీదైతే ముందు మీదే చెప్పండి. ఆ పొద్దే చెప్పండి. తర్వాత ప్రతి ఏడూ ఆ మాట బరువెక్కుతుంది, మనిషి మోకాళ్లేమో బలహీనపడతాయి.

ఇది అచ్చుకు పంపేముందు చదివి తప్పులు చూడమని రెడ్డెప్ప మండీకి తెచ్చాను. నీ గురించి నాలుగు మంచి ముక్కలు రాశానని చెప్పి చేతికిచ్చాను. ఈ చివరి పేరా ఇక్కడే, వాడు మొదటి పేజీలు చదువుతుండగా, టమోటా పెట్టె మీద కాగితం పెట్టి రాస్తున్నాను. పిచ్చుక దగ్గర ఒకసారి నవ్వాడు. ఇప్పుడు నవ్వడం లేదు. రెండో మనిషి చేత కాగితాలు అందించే ఉద్దేశం నాకు లేదు, ఇది కూడా నేనే ఇస్తాను.

రెడ్డెప్పా, ఆ పొద్దు నువ్వు నిలబడిపోలేదు. నేనే నిన్ను రెండు మీటర్లు దగ్గరికి తెచ్చి కొట్టించినాను. ఇక్కడిదాకా చదివింటే తల పైకెత్తు నాయనా. నీ ఎదురుగానే ఉండాను.